విడుదల నమూనా

ఇంద్రాణికి కుదురుగా కూర్చోవడం చేతకాదు. పుంగనూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు వీధిలో, డాక్యుమెంట్ రైటర్ ఈశ్వరప్ప గదిలో ఆమె చేసేదంతా కూర్చుని చేసే పనే. అయినా ఆ గుణం పోలేదు. చేతులు కీబోర్డు మీద ఆడుతుంటే కాళ్లు బల్ల కింద ఊగుతుంటాయి. ప్రింటరు ఒక కాగితం కక్కేలోగా లేచి వాకిలిదాకా వెళ్లి వస్తుంది. ఆమె బయటికి వచ్చినప్పుడల్లా ఎదురు కొట్టు టీ మాస్టరు గ్లాసు ఎత్తి చూపిస్తాడు. ఆమె తల అడ్డంగా ఊపి లోపలికి పోతుంది.

"కుర్చీలో ముండ్లేమన్నా ఉండాయేమ్మా?" అంటాడు ఈశ్వరప్ప.

"ల్యాదప్పా, ఉత్తినే" అంటుంది.

ఆమె పుట్టింది కుప్పం పక్కన ఒక పల్లెలో. ఇంట్లో తెలుగు, బడి దారిలో తమిళం, సంతలో కన్నడం. పదో తరగతి కాగానే కుప్పంలో టైపు నేర్చుకుంది. అక్కడా అంతే, ఒక మిషను దగ్గర నిలిచేది కాదు, మాస్టరు గదమాయించి కూర్చోబెట్టాల్సి వచ్చేది. తర్వాత మదనపల్లెలో కోర్టు దగ్గర బషీరా అనే ఆమె నడిపే డీటీపీ సెంటర్లో చేరింది. పెళ్లి పత్రికలు, టమోటా మండీల బిల్లు పుస్తకాలు, బళ్లకు ప్రశ్నపత్రాలు, ఏది వస్తే అది కొట్టేది. కంప్యూటరు పట్టింది అక్కడే. పాల వ్యాను తోలే వెంకటేష్‌తో పెళ్లయ్యాక పుంగనూరుకు వచ్చేసింది. చేతిలో పని ఉన్న మనిషని తెలిసి ఈశ్వరప్ప కబురు పంపి పిలిపించుకున్నాడు.

ఈశ్వరప్ప అప్పటిదాకా దస్తావేజులు చేత్తోనే రాసేవాడు. ఆ భాష ఆయన నాలుక మీద ఉండేది. ఆయన కళ్లు మూసుకుని చెబుతుంటే ఇంద్రాణి కొట్టేది. సదరు, ఇందుమూలముగా, నిరాటంకముగా, పుత్రపౌత్ర పారంపర్యముగా. మొదట్లో ఆ మాటలు వింటే ఆమెకు నవ్వొచ్చేది. రానురాను నవ్వు పోయింది. మాటల మీద ధ్యాస కూడా పోయింది. వేళ్లకు మాత్రం వచ్చేసింది.

ఒకసారి పాత దస్తావేజు తెరిచి, పేర్లు మార్చి కొత్తది చేస్తే, చివరి పేజీలో పాత ఆసామి పేరు అలాగే ఉండిపోయింది. రిజిస్ట్రేషన్ అయిపోయాక బయటపడి నానా రభస అయింది. అప్పటినుంచి ఈశ్వరప్ప కట్టడి చేశాడు. పాతదాని మీద కొత్తది కొట్టకూడదు, పని ముగిసిన ఫైలు కంప్యూటర్లో ఉండకూడదు. అందుకని ఇంద్రాణి టెంప్లేట్లు తయారు చేసింది. అమ్మకానికి ఒకటి, దానానికి ఒకటి, భాగపరిష్కారానికి, వీలునామాకు, హక్కు విడుదలకు తలా ఒకటి. పేర్లు, సర్వే నంబర్లు, పొలం నాలుగు హద్దులు చెప్పే చెక్కుబందీ రావలసిన చోట పసుపు రంగు ఖాళీలు వదిలింది. వర్డ్ తెరిచి, కొత్తది అన్నచోట నొక్కి, పర్సనల్ అన్న పేజీలోకి వెళితే అన్నీ వరసగా కనబడేవి. ఈశ్వరప్ప వాటిని నమూనాలు అనేవాడు. తన నోటి మాటే వాటిలో ఉందని ఆయనకు గర్వం.

మొన్నీమధ్య ఆ పాత వర్డ్ మొరాయించడం మొదలుపెట్టింది. దస్తావేజు సగంలో ఉండగా బిగుసుకుపోయేది. మదనపల్లె నుంచి ఇర్ఫాన్‌ను పిలిపించారు. ఇతను బషీరా తమ్ముడు, కంప్యూటర్లు బాగు చేస్తాడు, ఇంద్రాణిని అక్కా అనే పిలుస్తాడు. సాయంత్రం వచ్చి పాత వర్డ్ తీసేసి కొత్తది వేశాడు. తెలుగులో నాలుగు లైన్లు కొట్టి, ప్రింటు తీసి చూపించాడు.

"అద్దం మాదిరి వచ్చింది సూడక్కా. ఇంక నీకు దిగుల్లేదు" అని బండెక్కి వెళ్లిపోయాడు.

మరునాడు ఈశ్వరప్ప కంటి పరీక్షకని మదనపల్లెకు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, చౌడేపల్లె వైపు నుంచి ఒక విడుదల దస్తావేజు వస్తుందనీ, మధ్యాహ్నానికి ఆఫీసులో వాళ్లకు స్లాటు ఉందనీ చెప్పాడు.

"నమూనా ఉండాది గదా, పేర్లు నింపి ఇచ్చెయ్. నేను రావల్సిన పని లేదు" అన్నాడు.

ఇంద్రాణి గది ఊడ్చి, కంప్యూటరు వేసి, వర్డ్ తెరిచింది. కొత్తది అన్నచోట నొక్కింది. పుట్టినరోజు కార్డులు వచ్చాయి. రంగురంగుల క్యాలెండర్లు వచ్చాయి. టై కట్టుకున్న ఎవరో తెల్లవాడి ఫొటోతో ఉద్యోగ దరఖాస్తు వచ్చింది. పర్సనల్ అన్న పేజీయే లేదు. పైకి జరిపింది, కిందికి జరిపింది. వర్డ్ మూసి మళ్లీ తెరిచింది. కంప్యూటరే ఆపి మళ్లీ వేసింది. అవే పుట్టినరోజు కార్డులు. డెస్క్‌టాప్ మీద ఉన్న ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. విడుదల అని పేరు కొట్టి వెతికింది. దొరకలేదు.

ఆమె లేచి వాకిట్లోకి వచ్చింది. టీ మాస్టరు గ్లాసు ఎత్తాడు. ఆమె అతన్ని చూడనేలేదు. ఇర్ఫాన్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారికి ఎత్తాడు. గాలి హోరు వినబడుతోంది.

"అక్కా, బండి మీద ఉండా. వి.కోట దాటినా, కుప్పం పోతాండా. ఆడ ఒక ఆఫీసులో పనుండాది."

"ఇర్ఫానూ, నా టెంప్లేట్లు యాడికి పోయినాయప్పా? ఒకటన్నా కనబళ్లేదే!"

"పోవక్కా, ఉంటాయి. కుప్పం చేరినాక ఫోన్ చేస్తా. నువ్వు ఏమీ డిలీట్ చెయ్యాకు."

ఫోను పెట్టేసి ఆమె లోపలికి నడిచింది. వెనకే చౌడేపల్లె వాళ్లు వచ్చారు.

ముగ్గురు. పెద్దాయన మారప్ప, తలకు తువ్వాలు చుట్టుకుని, పాసుపుస్తకం ప్లాస్టిక్ కవరులో పట్టుకుని ముందు కూర్చున్నాడు. తమ్ముడు మునిరాజ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ల నడిమిది తాయమ్మ, కుప్పం దగ్గర పల్లెకిచ్చిన ఆడబిడ్డ, తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చి పుంగనూరు బస్టాండులో దిగింది. తండ్రి పోయాడు. పొలం అన్నదమ్ముల పేర్లకు ఎక్కాలంటే చెల్లెలు తన హక్కు వదులుకున్నట్టు రాసివ్వాలి. అదే పని.

"కాగితం తయారైందామ్మా?" అన్నాడు మారప్ప.

"ఇదో, అయిపోతాది" అంది ఇంద్రాణి. అబద్ధం ఆడుతున్నానని ఆమె కాళ్లకు తెలిసినట్టుంది, అవి బల్ల కింద గడగడ ఊగాయి.

ఈశ్వరప్పకు ఫోను చేసి నమూనాలు కనబడడం లేదంది. కళ్లలో మందు వేసి కూర్చోబెట్టారట, ఆయన గొంతు విసుగ్గా ఉంది. బీరువాలో పాత కాపీలుంటాయి కదా, చూసి కొడతానంది. బీరువా తాళం తన జేబులోనే ఉందన్నాడు. పక్క గది రైటరును అడిగి ఒక కాపీ తీసుకోనా అంది.

"వాని దగ్గరికా? వద్దు. ఇన్నేండ్లు కొట్టినావు గదమ్మా, నీకు నోటికి రాదా?"

నిజమే కదా అనుకుంది ఇంద్రాణి. ఖాళీ పేజీ తెరిచింది. పైన హక్కు విడుదల దస్తావేజు అని కొట్టింది. తేదీ వేసింది. వ్రాసి ఇచ్చినవారు, తాయమ్మ. వ్రాయించుకొన్నవారు, మారప్ప, మునిరాజ. ఆధార్ కార్డులు చూసి ఊర్లూ వయసులూ కొట్టింది. అంతవరకూ సాగింది. ఆ తర్వాత ఏముంటుంది? ఆస్తి ఎవరిదో, ఎలా వచ్చిందో ఒక పేరా. అది గుర్తొచ్చింది. ఆపైన ఒక వాక్యం ఉంటుంది. వదులుకునే మనిషి ఎందుకు వదులుకుంటోందో చెప్పే వాక్యం. దానిలో పసుపు ఖాళీ ఉండదు. అందరికీ ఒకటే. అందుకనే ఇన్నేళ్లలో ఆమె దాన్ని తాకింది లేదు. ముందొక మాట, వెనకొక మాట గుర్తుకొస్తున్నాయి గాని మధ్యలో ఏముందో రావడం లేదు.

లేచింది. ప్రింటరులో కాగితాలు సర్దింది. మళ్లీ కూర్చుంది. గడియారం వైపు చూసింది. మారప్ప కూడా గడియారం వైపే చూస్తున్నాడు.

ఇక అడిగి రాయడమే నయమనుకుంది.

"తాయమ్మా, మీవోళ్లు నీకేమిచ్చినారు? ఈడ రాయల్ల. దేనికోసరం నీ భాగం వదులుకుంటాండావు?"

తాయమ్మ ఉలిక్కిపడింది. తనను ఎవరో పిలుస్తారని ఆమె అనుకోలేదు. అన్న వైపు చూసింది.

"అదేం అడిగేదమ్మా? అందురూ రాసేదే రాయి" అన్నాడు మారప్ప. "పెండ్లప్పుడు ఇచ్చినాం, ఇంకేముండాది?"

"ఏమిచ్చినారు? ఆ మాట రాస్తా" అంది ఇంద్రాణి. ఆమెకు అప్పటికి కావలసింది ఒక వాక్యం, అంతే.

"నాయన ఒక పెయ్యని ఇచ్చినాడు" అంది తాయమ్మ నెమ్మదిగా. "ఈడనించి మా ఊరిదాకా నడిపిచ్చుకొనే పోతిమి. ఈనింది. మా అత్త దాన్ని అమ్మేసింది. అదొక్కటేమ్మా."

మారప్ప ముఖం ముడుచుకుంది. మునిరాజ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"ఇప్పుడేమన్నా ఇస్తాండారా?"

"పసుపు కుంకుమ కింద చీర పెడతాం" అన్నాడు మారప్ప.

ఇంద్రాణి వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. చీర అని కొట్టాలా, పెయ్య అని కొట్టాలా తెలియలేదు. దస్తావేజులో పెయ్యను ఎలా రాస్తారు? ఏం చెయ్యాలో తోచక, ఖాళీగా ఉండలేక ఇంకో ప్రశ్న వేసింది.

"నీకేం కావాల్లమ్మా?"

తాయమ్మ తన చేతులు ఒళ్లోంచి తీసి చూసుకుంది. వేళ్ల చివర్లు తెల్లగా నాని, తోలు లేచిపోయి ఉన్నాయి. కుప్పంలో పట్టుదారం తీసే చోట వేడి నీళ్లలో గూళ్లు తిప్పే పని ఆమెది.

"రోడ్డు పక్కన మా నాయన ఆవుల్ని కట్టేసే కొట్టం ఉండాది. ఇప్పుడు పడిపోయింది. ఆ జాగా ఇస్తే సాలు. రెండావుల్ని పెట్టుకొని ఈడికే వచ్చేస్తాం. ఆ నీళ్ల పని ఇంక నా చేతుల్లో కాదు."

మారప్ప లేచి నిలబడ్డాడు. "ఈడికొచ్చినాక యాల అడ్డం తిరుగుతాండావు? ఇంటికాడ నోరెత్తల్యా గదా!"

"నేను అడ్డం తిరగల్యాన్నా. ఆయమ్మ అడిగె, చెప్పినా. నువ్వు అడిగింటే నీకే చెప్పిందును."

"నువ్వు యాలమ్మా ఇవన్నీ అడిగేది?" మారప్ప ఇంద్రాణి వైపు తిరిగాడు. "నీ పని టైపు కొట్టడం. ఈశ్వరప్ప ఉంటే ఈపాటికి అయిపోయిండును."

ఆ మాట నిజమని ఇంద్రాణికి తెలుసు. నమూనా కనబడి ఉంటే తానూ అడిగేది కాదు. పేర్లు నింపి, ప్రింటు తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేది. ఆమె మళ్లీ లేచి వాకిట్లోకి వచ్చింది. ఈసారి టీ చెప్పింది. ముగ్గురికీ పంపింది. తాను మాత్రం తాగలేదు, గ్లాసు చేత్తో పట్టుకుని ఆ వాకిట్లోనే ఇటూ అటూ తిరిగింది. ఇర్ఫాన్ ఫోను చేస్తే బాగుండును. చెయ్యకపోతే ఇంకా బాగుండును. రెండూ ఒకేసారి అనిపించి తన మీద తనకే చిరాకు వేసింది.

అంతలో ఫోను మోగింది.

"అక్కా, కుప్పం వచ్చేసినా. ముందర కూర్చో."

"కూర్చున్నా" అంది, లోపలికి వచ్చి కంప్యూటరు ముందు నిలబడే.

"ఫైల్‌లోకి పోయి ఆప్షన్స్ తెరువు. దాంట్లో సేవ్ అని ఉంటాది. నొక్కినావా? డిఫాల్ట్ పర్సనల్ టెంప్లేట్స్ లొకేషన్ అని ఒక గడి సూడు. దాంట్లో ఏముండాది?"

"ఏమీ ల్యా. ఖాళీ."

"అదే సంగతి. నీ ఫైళ్లు యాడికీ పోలేదక్కా. పాత వర్డ్‌కి వాటి జాగా తెలుసు. కొత్తదానికి ఎవురూ చెప్పల్యా. నిన్న నేనే చెప్పల్సింది, మరిచిపోయినా."

ఆ జాగా ఎక్కడుందో అతను ఒక్కొక్క మెట్టు చెబుతూ పోయాడు. ఆ ఫోల్డరు మామూలుగా కనబడదట, దాచిపెట్టి ఉంటుందట. వ్యూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ అన్నదానికి టిక్ పెట్టమన్నాడు. పెట్టింది. అంతకుముందు లేని ఫోల్డర్లు పల్చగా, పొగలో ఉన్నట్టు తెర మీదకు వచ్చాయి. యాప్‌డేటా, దానిలో రోమింగ్, దానిలో మరొకటి, చివరికి టెంప్లేట్స్. తెరిచింది. విక్రయం, దానం, భాగం, వీలునామా, విడుదల. అన్నీ ఉన్నాయి. ఇంద్రాణి నోటినుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది.

"కనబడినాయా? ఇప్పుడు పైన ఆ దారి రాసుంటాది సూడు, దాన్ని తీసి ఆ ఖాళీ గడిలో పెట్టు."

ఆమె తొందరలో దాన్ని చూసి చేత్తో కొట్టింది. ఒక అక్షరం తప్పింది, వర్డ్ ఒప్పుకోలేదు.

"కొట్టాకక్కా, కాపీ చేసి పేస్ట్ చెయ్. ఓకే నొక్కి, వర్డ్ మూసి మళ్లా తెరువు."

మూసి తెరిచింది. కొత్తది అన్నచోట నొక్కింది. పుట్టినరోజు కార్డుల పక్కన పర్సనల్ అన్న మాట వచ్చి నిలిచింది. దానిలో తన నమూనాలు, తాను పెట్టిన పేర్లతో, వరసగా.

"వచ్చినాయి" అంది.

"నా తప్పే అక్కా, ఏమనుకోవాకు" అని ఇర్ఫాన్ ఫోను పెట్టేశాడు.

వచ్చినాయన్న మాట మారప్ప విన్నాడు. "దొరికింది గదా? ఇంకేం, కానీ" అన్నాడు. గొంతు కాస్త మెత్తబడింది. దొరికినదానితో ఇంతసేపటి మాటలన్నీ పక్కకు పోతాయని అతని ధైర్యం.

ఇంద్రాణి విడుదల తెరిచింది. తాయమ్మ పేరు నింపింది. అన్నదమ్ముల పేర్లు నింపింది. చెక్కుబందీ నింపింది. మధ్యలో, తనకు గుర్తు రాని ఆ వాక్యం, ఖాళీ లేని ఆ వాక్యం, నల్లగా నిండుగా కూర్చుని ఉంది. ప్రింటు నొక్కితే చాలు. స్లాటుకు ఇంకా వేళ ఉంది.

కింద సాక్షుల సంతకాల పైన ఇంకో వాక్యం కనబడింది. చదివి వినిపించగా విని సమ్మతించి వ్రాయించి ఇచ్చిన దస్తావేజు. ఆ మాట ప్రతి నమూనాలోనూ ఉంది. ఎవరూ ఎవరికీ చదివి వినిపించింది లేదు.

"తాయమ్మా, చదువుతా, విను" అంది.

"చదివేదేంది?" అన్నాడు మారప్ప.

"చదివి వినిపించినామని ఈడ రాసుండాదప్పా. చదవాల్ల."

చదవడం మొదలుపెట్టింది. పేర్లు, ఊర్లు, పొలం. ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. "నా వివాహ సమయమున నాకు చెందవలసిన లాంఛనములన్నియు నాకు ముట్టియున్నందున, సదరు ఆస్తిలో నాకు గల సమస్త హక్కును నా మనఃపూర్వకముగా..."

అక్కడ ఆగింది.

ఆ మాటల కింద తాను కూడా సంతకం పెట్టింది. కొన్నేళ్ల కిందట కుప్పం నుంచి ఆమె అన్న గంగప్ప ఈ గదికే వచ్చాడు. తనే ఈ నమూనా తెరిచి, వ్రాసి ఇచ్చినవారు అన్నచోట తన పేరు కొట్టుకుంది. ప్రింటు తీసింది. సంతకం చేసింది. అందరూ కలిసి టీ తాగారు. అన్న ఆమెను పీడించలేదు. పెళ్లి కూడా బాగానే చేశాడు. ఆమెకు ఆ రోజు ఏ బాధా కలగలేదు. తన కాగితాన్ని తాను చదవలేదని ఇప్పుడే, ఇంకొకరి కోసం చదువుతుంటే తెలిసింది. బల్ల కింద కాళ్లు ఊగడం మానేశాయి. అది ఆమెకు కొత్తగా ఉండి, ఇంకా బెదురుపుట్టించింది.

"అంటే ఏమ్మా?" అని అడిగింది తాయమ్మ.

"పెండ్లప్పుడు నీకు రావల్సిందంతా వచ్చేసింది, అందుకని మనసారా వదిలేస్తాండావు అని."

తాయమ్మ తల ఊపింది. "అది నిజం కాదే!" అంది. కోపంగా కాదు. లెక్క తప్పిందని చెప్పినట్టు అంది.

మారప్ప పాసుపుస్తకం కవరులో పెట్టుకుని బయటికి నడిచాడు. వాకిట్లో నిలబడి వీధికి వినబడేలా తిట్టాడు. ఇంద్రాణిని, ఈశ్వరప్పను, కంప్యూటర్లను. మునిరాజ అంతసేపటికి నోరు విప్పాడు.

"న్నా, ఆ కొట్టం జాగాలో మనం ఏం పండిస్తాండాం? ముండ్లు తప్ప. అక్కకి ఇస్తే ఏం పోతాది?"

"నీ భాగంలోనించి ఇచ్చుకో పో!"

"ఇస్తా" అన్నాడు మునిరాజ.

ఆ మాటతో గొడవ అన్నదమ్ముల మధ్యకు మళ్లింది. స్లాటు దాటిపోయింది. ఆఫీసు దగ్గర వీళ్ల పేర్లు పిలిచారో లేదో కూడా ఎవరూ చూడలేదు. మారప్ప ఒక్కడే ఆటో ఎక్కి పోయాడు. తాయమ్మ బస్టాండుకు నడిచింది, మునిరాజ ఆమె సంచీ పట్టుకుని వెనకాలే వెళ్లాడు. వెళ్తూ తాయమ్మ ఇంద్రాణి వైపు ఒకసారి చూసింది. మెచ్చుకోలు కాదు, నిష్ఠూరం కాదు. దిక్కు తోచని చూపు. ఉన్న ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు దూరమయ్యాడు మరి.

ఇంద్రాణికి ఆ సాయంత్రం ఏ పనీ సాగలేదు. తాను మంచి చేసిందో చెడు చేసిందో తెలియలేదు. వెంకటేష్ వ్యానులో పాల క్యాన్లు దించి ఇంటికొస్తే అన్నీ చెప్పింది. అతను చెప్పులు విప్పుతూ, "ఈశ్వరప్ప ఊరుకోడు" అన్నాడు.

ఊరుకోలేదు. మరునాడు నల్ల కళ్లద్దాలతో వచ్చీ రాగానే మొదలుపెట్టాడు. "టైపు కొట్టమంటే పంచాయితీ చేసినావా? మారప్ప పొద్దుట్నించి ఫోన్ల మీద ఫోన్లు. ఆ కుటుంబంలో ఇంక ఎవురన్నా మన గడప తొక్కుతారా?"

ఇంద్రాణి విడుదల తెరిచి ఆ వాక్యం చూపించింది. ఆయన అద్దాలు పైకెత్తి తెరకు దగ్గరగా వంగి చదివాడు.

"ఇది నేను కట్టింది కాదు. నాకు పని నేర్పినాయన రాసిచ్చె. అందురూ ఇట్లే రాస్తారు."

"దాంట్లో ఖాళీ పెడతానప్పా. అడిగి రాస్తా."

"ఖాళీ పెడితే మన గదిలోనే కొట్లాడుకుంటారు."

"ఈడ కాకుంటే కోర్టులో కొట్లాడుకుంటారు."

ఈశ్వరప్ప అద్దాలు కిందికి దించుకున్నాడు. "నీ ఇష్టం. గిరాకీ పోతే నన్ను అడగాకు" అని బీరువా దగ్గరికి వెళ్లాడు. ఇంద్రాణి ఆ వాక్యం చెరిపి, అక్కడ పసుపు ఖాళీ పెట్టి, సేవ్ చేసింది. గిరాకీ కొంత పోయిన మాట నిజమే. అడుగుతారని తెలిసి ఇద్దరు ముగ్గురు పక్క గదికి వెళ్లారు.

వానలు మొదలయ్యాక తాయమ్మవాళ్లు మళ్లీ వచ్చారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. ఈసారి విడుదల కాదు, భాగపరిష్కారం. కొట్టం జాగా తాయమ్మకు, మిగిలింది అన్నదమ్ములకు. బోరు నీళ్లలో ఆమెకు వాటా లేదు. అది మారప్ప పట్టు. తాయమ్మ నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటుందో తేలలేదు. చెల్లెలు సంతకం పెట్టిన చోటికి మారప్ప తల తిప్పనే లేదు, తన సంతకం తాను పెట్టి వెళ్లిపోయాడు. ఇంద్రాణి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. తాయమ్మ ప్రతి లైనుకూ ఊ కొట్టింది.

ఆ తర్వాతి ఆదివారం ఇంద్రాణి కుప్పం బస్సెక్కింది. ఏం పని మీద వెళ్తున్నావని వెంకటేష్ అడిగితే ఉత్తినే అంది. పలమనేరులో బస్సు ఆగితే కిందికి దిగి, కండక్టరు విజిలేసేదాకా అటూ ఇటూ తిరిగి అప్పుడు ఎక్కింది. అన్న ఇంట్లో వదిన రాగిముద్ద చేసి, కోడికూర వండి పెట్టింది. గంగప్ప పెరట్లో మల్బరీ ఆకు కోసుకొచ్చి బుట్ట దించాడు. చెల్లెలు వచ్చినందుకు ముఖం విప్పారింది. ఆమె తినేటప్పుడు రెండుసార్లు, తిన్నాక ఒకసారి మాట ఎత్తబోయి మానుకుంది.

గంగప్పే చూసి అడిగాడు. "ఏమ్మా, కాలుకాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు. ఏమైనా ఇబ్బందా?"

"అన్నా, నేను రాసిచ్చిన కాగితం ఉండాదే."

"ఉండాది. యాల?"

"దాంట్లో ఏం రాసుండాదో నీకు తెలుసునా?"

"నువ్వు కొట్టిందే గదమ్మా, నాకేం తెలుసు."

ఆమె తాయమ్మ సంగతి చెప్పింది. ఆ వాక్యం చెప్పింది. గంగప్ప ఆకు బుట్ట పక్కన గొంతుకూర్చుని విన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి విన్నది. పట్టుపురుగులు ఆకు తింటున్న చప్పుడు, సన్నటి వాన మాదిరి, లోపలి గదిలోంచి వినబడుతోంది.

"ఇప్పుడు నీకేం కావాల్లమ్మా?" అన్నాడు గంగప్ప.

గొంతులో కోపం లేదు. భయం ఉంది. వదిన కొంగు వేలికి చుట్టుకుంటోంది. తాయమ్మను తాను అడిగిన మాటే అది. అడిగితే ఇలా ఉంటుందని ఇంద్రాణికి అప్పుడు తెలియలేదు. పొలం కావాలా? దానితో తానేం చేస్తుంది? డబ్బు అక్కర్లేదు. ఏమీ వద్దన్నా అని చెప్పేయవచ్చు, అందరూ తేలికపడతారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అది మళ్లీ ఖాళీ లేని వాక్యమే అవుతుంది.

"తెలీదన్నా" అంది. "ఆలోచించి చెప్తా."

గంగప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే, చెప్పు" అన్నాడు. లేచి బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లాడు. బస్సు వేళకు మోటారు సైకిలు తీసి రోడ్డుదాకా దించాడు. దారిలో ఇద్దరూ వానల గురించే మాట్లాడుకున్నారు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వి.కోట వచ్చింది, పోయింది. ఇంద్రాణి కాళ్లు ముందు సీటు ఇనుప కడ్డీకి ఆనించి ఆడిస్తూనే ఉంది. ముందు కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి, "అమ్మా, కొంచెం కుదురుగా కూర్చోమ్మా" అన్నాడు.

"ఆ అప్పా" అంది. కాసేపు ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది.